రెడ్ అంటే ఆగాల్సిందే

కిరండూల్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి మామయ్య ఇనుప ఖనిజం బండి నడిపేవారు. సిగ్నల్ కనబడగానే డ్రైవరు చెయ్యెత్తి రంగు గట్టిగా చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు తిరిగి చెప్పాలి. రిటైరై ఆ ఊళ్లోనే సొంతింట్లో స్థిరపడినా ఆయనకి ఆ అలవాటు పోలేదు. అత్త ఆకుపచ్చ చీర కట్టుకొస్తే "గ్రీన్!" అని చెయ్యెత్తేవారు. అత్త కూడా "గ్రీన్" అనేదాకా ఆ చెయ్యి దించేవారు కాదు.

ఓసారి సెలవులకి వెళ్లినప్పుడు నా లాప్‌టాప్‌లోకి తొంగిచూశారు. సిలికాన్ చిప్పు మీద వెంట్రుక కంటే సన్నటి స్తంభాలు నిలబెట్టి, కాంతిని కోరిన వైపు మళ్లించడం నా పరిశోధన. చిప్పు చేసేముందు కంప్యూటర్లో నమూనా వేసి చూస్తే, కాంతి జోరుగా వెళ్లే దారి తెరమీద ఎర్రగా కనబడుతుంది.

"రెడ్!" అని అరిచారు మామయ్య.

"ఆగలేదు మామయ్యా, బాగానే వెళ్తోంది."

"ఎర్రగా ఉంటే ఎలా ఎల్తాదే అమ్మలూ? ఆపీ!"

ఎంత చెప్పినా వినలేదు. విసుగొచ్చి ఆ రంగు పచ్చగా మార్చేశాను. అప్పుడు చెయ్యెత్తి "గ్రీన్!" అన్నారు. నేనూ అన్నాను.

మొన్న మా లాబులో అసలు చిప్పు పరీక్షించాం. అంతకుముందు చేసినవన్నీ పాడయ్యాయి, ఇదొక్కటే మిగిలింది. కంటికి కనబడని కాంతి మలుపు తిరిగి, తెరమీద పచ్చగా వెలిగింది. నా చెయ్యి దానంతటదే లేచింది.

"గ్రీన్!" అని అరిచాను.

అందరూ వింతగా చూశారు గాని, ఎవరూ తిరిగి అనలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో కిరండూల్‌కి ఫోన్ కలిపాను.

"మామయ్యా, గ్రీన్!"

ఏమిటని కూడా అడగలేదాయన.

"గ్రీన్!" అన్నారు.

చెయ్యి దించాను.