పాకెట్ అంచు మీది కాయిన్

ఆ మూల నుంచి ఈ మూలకి కాయిన్ పడిందంటే భిక్షపతి కొట్టాడని, పాకెట్ అంచు మీద కూర్చున్న కాయిన్ పడలేదంటే అదీ భిక్షపతే కొట్టాడని మా కార్ఖానాలో చూడకుండానే చెప్పేవాళ్లు. డెబ్బైల్లో మాట. సంతోష్‌నగర్ వైపున్న సర్కారు కార్ఖానాలో అతను కొలిమి సెక్షన్‌లో సమ్మెట కొట్టే హ్యామర్‌మన్. నేను పక్క షెడ్డులో లేత్ మీద ఉండేవాణ్ణి. లంచ్ బెల్లు కొడితే టిఫిన్ డబ్బా సగంలో మూసేసి క్యారమ్ బోర్డు దగ్గరికి పరుగెత్తేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

చెయ్యి చూస్తే రోకలంత ఉండేది. ఆ చేత్తో అతను స్ట్రైకర్ వదిలితే బోర్డు అటు చివర కాయిన్ ఎటు పోయిందో కనపడేది కాదు, పాకెట్లో చప్పుడు మాత్రం వినపడేది. అదే మనిషికి, అంచు మీద కాయిన్ ఉంటే చెమటలు పట్టేవి. గట్టిగా కొడితే కాయిన్ వెంట స్ట్రైకర్ కూడా పడి ఫౌల్. భయపడి మెల్లగా కొడితే అసలు చేరేదే కాదు. చూసేవాళ్లకి నవ్వులాట. నాకైతే ఒళ్లు మండేది.

జోడీ ఆటలో అతని జతగా ఎదురుగా కూర్చునేది కొలిమి మేస్త్రీ సీమోను. మితభాషి, ఆదివారం చర్చికి తప్ప ఇస్త్రీ చొక్కా తొడగని మనిషి. కార్ఖానాలో ఏటా సెక్షన్ల మధ్య క్యారమ్స్ పోటీ జరిగేది. ఆ షీల్డు ఒక్కసారి కొలిమి షెడ్డు గోడకి వేలాడాలని సీమోను కోరిక. ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయిన ప్రతిసారీ భిక్షపతి చేతిలో ఒక తేలిక కాయిన్ తప్పి ఉండేది. జోడీ మార్చుకోమని అందరూ చెప్పారు. సీమోను విన్నట్టే కనపడలేదు. ఆ వేసవిలో ఆయన రిటైరవుతున్నాడు, కాబట్టి అదే ఆఖరి పోటీ.

భిక్షపతికి ఆ సంగతి నిద్ర పట్టనివ్వలేదు. వాళ్ల ఇల్లు పురానాపూల్‌లో. అక్కడ గుండయ్య సేట్ కిరాణా దుకాణం అరుగు మీద ఒక పాత బోర్డు ఉండేది. డ్యూటీ దిగి నేరుగా అక్కడికి పోయి, అంచు మీద కాయిన్ పెట్టుకుని మెత్తగా కొట్టడం సాధన చేశాడు. నెల తిరిగేసరికి దగ్గరివి పడసాగాయి. మురిసిపోయాం. తీరా చూస్తే దూరం దెబ్బలు పోయాయి, సగం దారిలో నీరసపడి ఆగిపోయేవి. వాటిని బాగుచేసుకుంటే మళ్లీ దగ్గరివి చెడ్డాయి. పౌడర్ మార్చమన్నవాడు ఒకడు, గోరు పెంచమన్నవాడు ఇంకొకడు. సలహాలకేం, చెప్పేవాడి సొమ్మేం పోదుగా. భార్య కాశమ్మ మాత్రం ఇంట్లో బోర్డు మాటెత్తితే అన్నం పెట్టనని చెప్పిందట.

అప్పుడే నేనొకటి గమనించాను. లంచ్ ఆటల్లో భిక్షపతి మెత్తని దెబ్బ సరిగ్గా పడిన రోజుల్లో, అంతకు ముందు సీమోను చూపుడువేలు బోర్డు చట్రం మీద చిన్నగా తట్టేది. ఆయనకది తెలియనే తెలియదు. కొలిమి అలవాటు. ఆ రొదలో మాట వినపడదు కనుక, కాలిన ఇనుము దాగలి మీదికి రాగానే మేస్త్రీ చిన్న సుత్తెతో తట్టి చోటు చూపిస్తాడు. సమ్మెట పట్టినవాడు సరిగ్గా అక్కడే కొట్టాలి. సుత్తె గట్టిగా పడితే గట్టిగా, మెల్లగా పడితే మెల్లగా. ఎన్నో ఏళ్లుగా భిక్షపతి సమ్మెట సీమోను సుత్తెని విని లేచింది, విని దిగింది. ఎంత బలం పెట్టాలన్నది అతను ఒక్కనాడూ తనకు తానుగా తేల్చుకోలేదు. పూర్తి బలం పెట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు, తగ్గించాలంటేనే అతనికి సుత్తె చప్పుడు కావాలి.

ఆ వేలి పుణ్యమో ఏమో, ఆ ఏడూ ఫైనల్‌కి వచ్చారు. ఎదురు జోడీ స్టోర్స్ సెక్షన్ ప్రకాశం, ప్రహ్లాద్. రెండో బోర్డులోనే ప్రకాశం చెయ్యెత్తాడు. మేస్త్రీ చట్రం మీద తట్టి సైగ చేస్తున్నాడని ఫిర్యాదు. సీమోను తన వేలిని తానే కొత్తగా చూసినట్టు చూసుకున్నాడు. అంపైర్ మళ్లీ తట్టొద్దని చెప్పి ఈసారికి వదిలేశాడు.

ఆఖరి బోర్డు. రాణి కొలిమి వాళ్లకే పడింది. ఇటు ఒక కాయిన్, అటు ఒక కాయిన్ మిగిలాయి. కొలిమి వాళ్లది ఎదుటి కుడి పాకెట్ అంచు మీద, ఊదితే పడేట్టుంది. వంతు భిక్షపతిది. అంపైర్ చుట్టూ ఉన్న జనాన్ని లొల్లి ఆపమంటూ అటు తిరిగాడు. ఒక్క తట్టు తడితే చాలు, అంపైర్ కంట పడదు. భిక్షపతి సీమోను వేలికేసి చూశాడు. సీమోను రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

భిక్షపతి చాలాసేపు వంగే ఉన్నాడు. కొట్టాడు. స్ట్రైకర్ కాయిన్‌ని తాకీ తాకనట్టు తాకి ఆగింది. కాయిన్ కదిలి, అంచు మీదే ఉండిపోయింది. తర్వాతి వంతు ప్రకాశానిది. వాళ్ల కాయిన్ పడింది.

స్టోర్స్ వాళ్లు షీల్డు ఎత్తుకుని అరుచుకుంటూ వెళ్లారు. వాళ్లతో పాటే జనమూ వెళ్లారు. భిక్షపతి లేవలేదు. ముఖం కిందికి వేసుకునే అన్నాడు, "ఒక్కసారి తట్టుంటే అయిపోతుండె గదన్నా. గా షీల్డు కోసం ఎన్నేండ్లు చూసినవ్."

"చూసిన," అన్నాడు సీమోను. "మస్తు మనసుండె. వేలు లేచింది గూడ. కని వచ్చే నెల సంది నీకు ఎవరు తడ్తరు తమ్మీ? తప్పు నాదే. ఇన్నేండ్లు నీ చెయ్యిని నేనే ఆడిచ్చిన. ఇయ్యాల్టి దెబ్బ నీది. తప్పింది, తప్పనీ."

భిక్షపతి అంత పెద్ద చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. సైకిల్ తాళం తీయడానికని బయటికి వెళ్లబోతున్నవాణ్ణి గుమ్మంలోనే ఆగిపోయాను.

సీమోను కాయిన్‌ని మళ్లీ ఆ పాకెట్ అంచు మీదే పెట్టాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భిక్షపతి కొట్టాడు, తప్పింది. ఆయన మళ్లీ పెట్టాడు. ఇతను ఇంకాస్త బలంగా కొట్టాడు, స్ట్రైకర్ కూడా పడింది. మళ్లీ పెట్టాడు. ఈసారి భిక్షపతి ఎదుటి చేతుల వంక చూడలేదు. కాయిన్ ఒక్కటే పడింది. సీమోను పాకెట్లోంచి దాన్ని తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు.