మా బడికి వరద తెచ్చినాను

మొన్న గురువారం మా బడికి వరదొచ్చింది. తాగడానికే నీళ్ళు లేని పుల్లలచెరువు వైపు వరదేంది అని మీరు అడుగుతారని తెలుసు. రెండు రోజులుగా అందరూ అదే అడుగుతున్నారు. మబ్బు లేదు, చినుకు లేదు, ఎండ మాత్రం మాడు పగలగొడుతోంది. ఆ వరద తెచ్చింది నేనే. టీ తాగుతూ వినండి, మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తా.

నేను మార్కాపురం నుంచి రోజూ బండి మీద పోయే బడి అడవి అంచున ఉంటుంది. ఇద్దరం టీచర్లం, ముప్పై ఎనిమిది మంది పిల్లలు. పోయిన ఏడాది తనిఖీకి వచ్చిన ఆఫీసరు నా ఇంగ్లీషు క్లాసు చూసి, విజిట్ రిజిస్టర్లో ఒకే ముక్క రాసి పోయినాడు. పిల్లలు నోరు తెరవడం లేదు, అని. అబద్ధమేం కాదు. నేను చెప్పిన వాక్యాన్ని పైకప్పు ఎగిరిపోయేట్టు తిరిగి చెప్తారు, సొంతంగా మాత్రం ఒక్క ముక్క రాదు. 'వాట్ ఈజ్ యువర్ నేమ్' అని అడిగితే అందరూ కలిసి 'వాట్ ఈజ్ యువర్ నేమ్' అని నన్నే అడుగుతారు. ఆ రిమార్కు నన్ను ఎంత పొడిచిందంటే, రిజిస్టరు ఉన్న బీరువా తెరిచేటప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. ఈసారి తనిఖీలో పిల్లల నోట ఒక్క సొంత ఇంగ్లీషు వాక్యమన్నా వినిపించాలి. నాకు కావాల్సింది అంతే.

తీరా ఐదో తరగతికి వచ్చిన పాఠం చూస్తే ఫ్లడ్స్. వరదలు ఎందుకొస్తాయి, రాకుండా ఏం చేయాలి. మా బడికి నీళ్ళు ట్యాంకర్లో వస్తాయి, సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి. వరండా పక్కన దిమ్మె మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది, దాన్ని నింపి పోతారు. మధ్యాహ్నం అన్నం వండడానికి, పిల్లలు తాగడానికి, పళ్ళేలు కడగడానికి అన్నింటికీ అదే. ఇట్లాంటి చోట నేను 'ఫ్లడ్ ఈజ్ టూ మచ్ వాటర్' అని చెప్పినాను. వెంకటలక్ష్మి అని ఒక పిల్ల ఉంది, క్లాసులో నోరే విప్పదు. ఆ రోజు మాత్రం పుస్తకంలో ఇంటి పైకప్పు మీద కూర్చుని ఏడ్చేవాళ్ళ బొమ్మ చూపించి తెలుగులో అడిగింది.

"నీళ్ళు శానా వస్తే మంచిదే గదా మేడం, వీళ్ళెందుకు ఏడుస్తాండారు?"

నాకూ అదే నిజమనిపించింది. నేను కూడా ఇక్కడ పుట్టి పెరిగినదాన్నే గదా.

చెప్తే లాభం లేదు, చూపించాల్సిందే అనుకున్నాను. వరండా ముందర ఎర్రమట్టితో చిన్న కొండ కట్టినాం. దాని మీదనుంచి వాగు, వాగు పక్కన అగ్గిపెట్టెల ఇళ్ళు. కొండకు ఒకవైపు గడ్డి పెళ్ళలు తెచ్చి అతికినాం, అది అడవి. రెండో వైపు బోడిగా వదిలేసినాం, అది చెట్లు కొట్టేసిన చోటు. వాగు మీద చిన్న కల్వర్టు, దాని నోట్లో ప్లాస్టిక్ కవర్లు కుక్కినాం. వారం రోజులు బట్టీ పట్టించినాను. ప్లాంట్ ట్రీస్. క్లీన్ ద డ్రెయిన్స్. నీళ్ళు రాగానే బెల్లు కొడతా, అందరూ 'గో టు హై ప్లేస్' అంటూ వరండా ఎక్కాలి. నీళ్ళు లేకుండా రిహార్సల్స్ చేసినప్పుడు మాత్రం బ్రహ్మాండంగా ఎక్కినారు.

గురువారం పొద్దున ట్యాంకరు వచ్చి పోయింది, కాసేపటికి ఆఫీసరు వచ్చినాడు. ఈయన కొత్తాయన, గోదావరి వైపు మనిషి. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు, 'అండీ' లేకుండా మాట పూర్తి కాదు. కొండ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టినాను, రిజిస్టరు చేతికిచ్చినాను.

"మొదలెట్టండి మేడం. మాది ఏటిగట్టు ఊరేనండి, వరదంటే నాకు చిన్నప్పట్నించీ అలవాటే," అన్నాడు నవ్వుతూ.

'నౌ హెవీ రెయిన్' అంటూ కొండ మీద ఒక చెంబు నీళ్ళు పోసినాను. మట్టి గుటుక్కున తాగేసింది. రెండో చెంబు పోసినాను, అదీ పోయింది. నాలుగు చెంబులైనా వాగులోకి చుక్క దిగలేదు. మన నేల దాహం నాకు తెలియక కాదు, ఆఫీసరు ముందర కొంచెం మర్యాదగా ఉంటుందేమో అనుకున్నాను.

"ఇంకిపోయినాయి మేడం," అన్నారు పిల్లలు, అదీ తెలుగులో. ఆయన పెన్ను మూత తీసినాడు. పోయిన ఏడాది ముక్కే మళ్ళీ రాస్తాడేమో అనిపించింది.

ఇంక ఆలోచించలేదు. నల్ల ట్యాంకు కింద కొళాయి ఉంది, దానికి రబ్బరు పైపు తగిలించి, రెండో కొసను కొండ మీద పెట్టి కొళాయి తిప్పినాను. బిగుసుకుపోయి ఉంది. కొంగు చుట్టి గట్టిగా తిప్పినాను. ఈసారి కదిలింది. ఎంత బాగా కదిలిందంటే కొళాయి, దానికున్న రబ్బరు పైపుతో సహా ఊడి నా చేతిలోకి వచ్చేసింది.

వెయ్యి లీటర్ల ట్యాంకు, గంట క్రితం నింపింది. కొళాయి పోయిన బొక్కలోంచి నా నడుం ఎత్తున దూకినాయి నీళ్ళు. బోడివైపు కొండ ముందు కూలింది, గడ్డివైపు కాసేపు నిలబడింది, కల్వర్టు దగ్గర కవర్లు అడ్డుపడి అగ్గిపెట్టెల ఊరు మొత్తం మునిగింది. పాఠంలో ఎట్ల ఉందో అచ్చం అట్లే జరిగింది. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

నేను బెల్లు కొట్టినాను. హై ప్లేస్ అని అరిచినాను. పిల్లలు వరండా ఎక్కినారు, నిజమే. ఎక్కి, లోపల పేర్చిన అన్నం పళ్ళేలు, గ్లాసులు, నీళ్ళ సీసాలు తీసుకుని మళ్ళీ కిందికి దూకినారు. ఒకడు కాంపాస్ బాక్సు మూతతో నీళ్ళు పడుతున్నాడు. వంట చేసే రమణమ్మక్క పప్పు వండే దబర గిన్నె ఎత్తుకొచ్చింది. గోడ అవతల ఎవరో "బడికాడ నీళ్ళు ఇడిసినారంట" అన్నారు, అంతే. నిమిషంలో ఆడోళ్ళంతా బిందెలతో దిగినారు, వచ్చినోళ్ళు వచ్చినట్టు లైను కట్టినారు. ఒక అవ్వ నన్ను పట్టుకుని తిట్టింది.

"ఏందమ్మా, నీళ్ళిడిసేటప్పుడు ముందే ఒక మాట చెప్పకూడదా? గుడ్డలన్నా తెచ్చుకుందును గదా."

ఆ గొడవలో వరద పాఠం సరిగ్గా పాటించింది ఒక్క ఆఫీసరే. మొదటి నీటిచుక్క బూటుకు తగలగానే బ్యాగు చంకలో పెట్టుకుని, రిజిస్టరు నెత్తికెత్తుకుని, కుర్చీ ఎక్కి నిలబడినాడు. అందరూ నీళ్ళలోకి ఉరుకుతుంటే ఆయన ఒక్కడే పైన ఉన్నాడు.

ఇంక నేనేం చేసినానో చెప్పనా? రెండు చేతులతో బకెట్టు పట్టుకుని బొక్క కింద పెట్టినాను. అది నిండితే ఇంకొకటి. "టబ్బు తీసుకురా అక్కా, పొయ్యి పక్కన టబ్బు ఉంది," అని రమణమ్మక్కను కేకేస్తున్నాను. చీర మోకాళ్ళ దాకా తడిసింది, ఒక్క చుక్క కూడా కింద పడకూడదు, నా బుర్రలో ఇంక వేరే మాటే లేదు.

కుర్చీ మీదనుంచి ఆయన మెల్లగా అన్నాడు.

"మేడం గారండీ, ఆ పైన గేట్ వాల్వు ఉన్నట్టుందండీ. అది తిప్పితే ఆగిపోద్దేమో చూడండి."

ఉంది. నా మొహం ముందరే ఉంది, ట్యాంకు పైపు మీద ఎర్ర చక్రం, నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్నదే. టీచర్లు ఇద్దరం, వంటమనిషి, బిందెలతో వచ్చిన ఇరవై మంది, ఒక్కరికీ నీళ్ళు ఆపాలన్న ఆలోచన రాలేదు. వచ్చే నీళ్ళను ఆపడం మాకెవరూ నేర్పలేదు, పట్టుకోవడమే నేర్చుకున్నాం. చక్రం తిప్పితే ఠక్కున ఆగింది. అప్పటికి ట్యాంకులో అడుగున బెత్తెడు మిగిలింది.

"సోమవారం దాకా దేంతో వండాల మేడం?" అంది రమణమ్మక్క. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆ తిట్టిన అవ్వే తన బిందె తెచ్చి వంటగది డ్రమ్ములో కుమ్మరించింది. "పిల్లోళ్ళ నీళ్ళే గదా, మేం తీస్కపోతే ఎట్ల," అంది. వెనక మిగిలినవాళ్ళు కూడా ఒక్కొక్కరే పోసి పోయినారు. డ్రమ్ము, టబ్బు, బకెట్లు నిండినాయి. ఆ అవ్వ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఆఫీసరు కుర్చీ దిగినాడు. బురద అంటకుండా ప్యాంటు మడుచుకుని, బురదలో నిలబడ్డ పిల్లల వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగినాడు.

"చిల్డ్రన్, వాట్ ఈజ్ ద కాజ్ ఆఫ్ దిస్ ఫ్లడ్?"

నేను కళ్ళు మూసుకున్నాను. ప్రశ్నే తిరిగి చెప్తారు, అయిపోయింది అనుకున్నాను. అంతలో వెంకటలక్ష్మి చెయ్యెత్తింది. చేతిలో ఇంకా నీళ్ళ గ్లాసు ఉంది.

"సర్, మేడం ఈజ్ ద కాజ్."

ఆయన నా వైపు చూడలేదు. పెదవి కొరుక్కుంటున్నాడు. "వెరీ గుడ్. హౌ టు ప్రివెంట్?"

"డోంట్ గివ్ ట్యాప్ టు మేడం, సర్."

దాన్ని మిగిలినవాళ్ళంతా అలవాటు ప్రకారం మూడుసార్లు గట్టిగా పలికినారు. గోడ అవతల ఆడోళ్ళకు కూడా వినపడింది.

ఆయన రిజిస్టరు తెరిచి చాలాసేపు రాసినాడు. పిల్లలు సందర్భానికి తగ్గట్టు సొంతంగా ఆంగ్ల వాక్యాలు నిర్మిస్తున్నారు, తప్పులు లేవు, ఉపాధ్యాయురాలికి అభినందనలు. కింద ఉదాహరణలు అని రాసి, ఆ రెండు వాక్యాలూ అందమైన చేతిరాతతో ఎక్కించినాడు. చదివి సంతకం పెట్టమన్నాడు, పెట్టినాను. పదకొండేళ్ళ సర్వీసులో నాకొచ్చిన మొదటి మంచి రిమార్కు. ఎవరికీ చూపించుకోలేను.