ఆరిపోయేలోపు అందుకోవలసిన పాదం

మా తెలుగు మేడమ్ పోయిన గురువారం తెల్లవారుజామున కన్నుమూశారు. శనివారం కళాశాలలో సంతాప సభ పెట్టారు. ఆమెతో కలిసి చాలాకాలం పాఠాలు చెప్పిన ఒక పెద్దాయన మైకు అందుకుని, ఎంతో మెచ్చుకుని, చివర్లో ఇలా అన్నారు: "మహా పండితురాలండీ, కాదనను. కానీ వూహాన్ వెళ్ళొచ్చాక ఆవిడకి చైనా పిచ్చి పట్టింది. పరాయివాళ్ళ అలవాటొకటి తెచ్చి మన కృష్ణ ఒడ్డున పెట్టారు. ఇక దాన్ని ఆపేద్దాం. లైబ్రరీలో ఆవిడ పేరున ఒక పాలరాతి ఫలకం పెడదాం." సంతాప సభ అన్నది మరిచిపోయి జనం చప్పట్లు కొట్టారు. నాకు మైకు ఇవ్వలేదు. అందుకే ఈ పత్రికలో రాస్తున్నాను.

తరగతిలో నేను ఆవేశంగా వాదించినప్పుడల్లా మేడమ్ కళ్ళజోడు తీసి, పమిట చెంగుతో తుడుచుకుంటూ, "ఊ, బాగుంది. ఇప్పుడు అవతలివాళ్ళ తరఫున చెప్పు" అనేవారు. కాబట్టి అవతలివాళ్ళ మాట ముందు చెబుతాను. మేడమ్ వూహాన్ వెళ్ళారు, నిజం. అక్కడి నుంచి ఒక అలవాటు తెచ్చారు, అదీ నిజం. అది పరాయిదిగానే మిగిలిందన్నది మాత్రం అబద్ధం.

విద్యార్థుల వక్తృత్వ పోటీకి నేను వూహాన్ వెళ్ళవలసి వచ్చినప్పుడు, తోడు రావడానికి ఒప్పుకున్నది మేడమ్ ఒక్కరే. స్టాఫ్ రూములో ఎవరో, "మాస్కుల పెట్టె పట్టుకెళ్తున్నారా మేడమ్?" అని నవ్వారు. "పట్టుకెళ్తున్నానండీ. వాడగా మిగిలింది మీ నోటికి పనికొస్తుంది" అన్నారు మేడమ్.

అక్కడ యాంగ్జీ నది పక్కన, గుట్ట మీద ఒక గోపురం ఉంది. వందల ఏళ్ళుగా కవులు దాన్నెక్కి, నదిని చూసి పద్యాలు చెప్పారు. లోపలికి వెళితే లిఫ్టు కనిపించింది! పాతది పలుమార్లు కూలి, కాలిపోయిందనీ, ఇప్పుడున్నది కాంక్రీటుతో కొత్తగా కట్టినదనీ తెలిసి నేను మండిపడ్డాను.

"ఇది నకిలీ మేడమ్. దీనికి మళ్ళీ టికెట్టొకటా?"

"గోపురం ఎన్నిసార్లు పోయింది?"

"చాలాసార్లు."

"పద్యాలో?"

నేను నది వైపు తిరిగాను. మేడమే అందుకున్నారు.

"పద్యాలు జనం నోట ఉన్నాయి కనుకే గోపురాన్ని మళ్ళీ మళ్ళీ కట్టుకున్నారు. మనకూ నది ఉంది, పద్యాలున్నాయి. మన ఒడ్డున అవి ఎవరి నోట వినిపిస్తున్నాయి? ఊ, చెప్పు."

మర్నాడు పొద్దున నది ఒడ్డు పార్కులో కొందరు ముసలివాళ్ళు చీపురంత పొడుగు కుంచెలను నీళ్ళలో ముంచి, పరచిన రాళ్ళ మీద పద్యాలు రాస్తున్నారు. రంగు లేదు, సిరా లేదు, వట్టి నీళ్ళు. కాసేపటికి అవి ఆరిపోతాయి. వాళ్ళు మళ్ళీ రాస్తారు. మేడమ్ ఒక తాత దగ్గర కుంచె అడిగి తీసుకుని, కృష్ణ మీద తాను అల్లుకున్న తేటగీతిలో మొదటి పాదం రాశారు. చుట్టూ జనం మూగారు. అక్కడ డాక్టరు చదువుతూ మాకు దుబాసీగా వచ్చిన గుడివాడ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది.

"మేడమ్, ఇవి అక్షరాలా, ముగ్గులా అని అడుగుతున్నారండీ!"

"రెండూనని చెప్పు తల్లీ" అని, మేడమ్ ఆ పాదాన్ని రాగం తీసి పాడారు. ఆ తాత కళ్ళు మూసుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ రాగాన్ని తిరిగి పలికాడు.

ఊరికి రాగానే మేడమ్ నన్ను వెంటబెట్టుకుని వన్ టౌన్ బజారుకు వెళ్ళి, వెల్లవేసే కుంచెలు కొన్నారు. "ఇంటికి సున్నమాండీ?" అన్నాడు కొట్టాయన. "పద్యానికండీ." "రంగేం ఇమ్మంటారు మరి?" "రంగొద్దు. కృష్ణలో నీళ్ళున్నాయిగా."

విజయవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? మొదటి ఆదివారం ఘాట్ మెట్ల మీద మేడమ్ రెండో పాదం ముగించేసరికి మొదటి పాదం మాయమైంది. వచ్చే వారం నీళ్ళలో సుద్ద కలుపుదామన్నాం, వెంట వెళ్ళిన విద్యార్థులం. "వద్దు, పోనీండి. పోయిన పాదం ఎవరు చెబుతారు?" అన్నారు మేడమ్. అదే మా నియమమైంది. రాసింది ఆరిపోగానే, అక్కడ నిలబడ్డవాళ్ళు దాన్ని నోటితో అందించాలి. అవధానంలో దీన్ని ధారణ అంటారు. పండితుడు వేదిక మీద ఒంటరిగా చేసే ఆ పనిని, మేడమ్ స్నానాలకు వచ్చినవాళ్ళ చేత, కోచింగ్ ఎగ్గొట్టి వచ్చిన పిల్లల చేత చేయించారు. వూహాన్‌లో ఆ కుంచె రాతకు సాధనం. ఇక్కడ జ్ఞాపకానికి సాధనమైంది. అలా మార్చింది మన ఎండ, మన ధారణ. దీన్నా పరాయిదంటున్నారు?

చివరిసారి మేడమ్ వచ్చినప్పుడు కుంచె పట్టుకునే ఓపిక లేదు. గొడుగు కింద, పై మెట్టు మీద కూర్చున్నారు. తన తేటగీతి తానే మొదలుపెట్టి, మూడో పాదం దగ్గర ఆగిపోయారు. గుర్తు రాలేదు. అంతలో కింది మెట్ల మీద నుంచి, నీళ్ళోడుతున్న పంచెతో నిలబడ్డ ఒకాయన గొంతెత్తి ఆ పాదం అందుకున్నారు. ప్రతి ఆదివారం మునక వేసి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయే మనిషి ఆయన. మేడమ్ కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు. "ఊ, తర్వాత?" అన్నారు.

ఫలకం పెడదామన్నవారికి నా జవాబు ఇదే. పాలరాయి మీద చెక్కితే ఎవరూ దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రాయి ఉందిగా అని నిశ్చింతగా మరిచిపోవచ్చు. మేడమ్‌ను అంత తేలిగ్గా వదిలించుకోవడానికి నేను ఒప్పుకోను.

చప్పట్లు కొట్టినవారిని, కొట్టకుండా ఊరుకున్నవారిని కూడా అడుగుతున్నాను. ఈ ఆదివారం ఎండ ఎక్కకముందే ఘాట్‌కు రండి. మేడమ్ కుంచె నా దగ్గరే ఉంది. మొదటి పాదం నేను రాస్తాను. మెట్టు మీద అది ఆరిపోయేలోపు రెండోది మీరు అందుకోండి.