జర్మనీలో నా రూమ్మేట్, మొగల్తూరు దుర్గ

నిన్న మధ్యాహ్నం దుర్గ తమ్ముడు నాని ఫోన్ చేశాడు.

"అక్కా, జర్మనీ నుంచి ఎవరో ఆవిడ మాట్లాడుతున్నారు. ఏడుస్తున్నారు. నాకేం అర్థం కావట్లేదు. లైన్ కలుపుతాను, నువ్వు మాట్లాడు" అన్నాడు.

కలిపాడు.

ఆవిడ అనెట్. అక్కడ మేమిద్దరం ఉన్న ఇంటికి పెద్ద. జర్మన్‌లోనే చెప్పారు. దుర్గ పొద్దున్నే సైకిల్ మీద క్లాసుకి వెళ్తోందట. పొగమంచు. మలుపులో లారీ.

అక్కడికక్కడే.

నాకు అర్థమైంది. లైన్లో వాడు వింటున్నాడు. వాడికింకా తెలీదు.

"ఏమంటున్నారక్కా?" అన్నాడు.

ఆ మాట నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఎలా చెప్పానో గుర్తు లేదు.

దుర్గ తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. మొగల్తూరు దగ్గర సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. నాన్నగారు వేటకెళ్ళేవారు, అమ్మగారు చేపలమ్మేవారు. నాది జంగారెడ్డిగూడెం. రాజమండ్రిలో జర్మన్ క్లాసులో కలిశాం. వాలంటీర్లుగా కలిసే వెళ్ళాం.

అదొక పెద్ద ఇల్లు. బుద్ధి ఎదగని పెద్దవాళ్ళూ, మాలాంటి వాలంటీర్లూ అందరూ కలిసి ఉంటారు. ఒకటే వంట, ఒకటే టేబుల్, వంతులేసుకుని పనులు.

కాసేపు తలుపేసుకుని కూర్చుందామన్నా ఎవరో ఒకరు వచ్చి కొట్టేవారు. మొదటి నెల ఇద్దరం చిక్కిపోయాం.

దుర్గకి స్నానం డ్యూటీ వేశారు. హైన్స్ అని, అరవై దాటిన ఆయన. మాట రాదు. కొత్తవాళ్ళు ముట్టుకుంటే కొరికేసేవారు.

మొదటిరోజు గదికొచ్చి గడియ పెట్టుకుని ఏడ్చింది. పరాయి మగవాడికి నేను స్నానం చేయించడం ఏంటి, ఊళ్ళో తెలిస్తే ఏమంటారు అని. వచ్చేస్తానని వాళ్ళమ్మగారికి ఫోన్ చేసింది.

ఆవిడ, "మీ తాత మంచాన పడ్డప్పుడు నువ్వు చెయ్యలేదేంటి? చేసి చూడు. అప్పటికీ నీ వల్ల కాకపోతే వచ్చెయ్యమ్మా" అన్నారు.

మర్నాడు వెళ్ళింది. కొరికించుకుని వచ్చింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

చలికాలం వచ్చేసరికి ఆయన దుర్గ చేత తప్ప ఇంకెవరి చేతా గడ్డం గీయించుకునేవారు కాదు.

ఆ చలికాలంలోనే వాళ్ళ నాన్నగారు పోయారు. వేటలో బోటు తిరగబడింది. దొరికేసరికే ఆలస్యమైంది, ఇంక ఉంచలేమన్నారు. దుర్గ రాలేకపోయింది.

వంటింట్లో బల్ల మీద ఫోన్ నిలబెట్టి, వీడియో కాల్‌లో చూసింది నాన్నని సాగనంపడం.

ఆ రోజు వంట వంతు తనదే. నేను చేస్తానన్నా వినలేదు. బంగాళాదుంపలు చెక్కు తీస్తూనే చూసింది.

ఆ ఇంట్లో గెర్డా అని ఒకావిడ ఉంటారు. పక్కనే కూర్చుని ఫోన్లోకి చూస్తూ, ఎవరు పడుకున్నారు అని అడుగుతూనే ఉన్నారు.

అడిగినప్పుడల్లా "మా నాన్న" అని చెప్పింది దుర్గ. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మధ్యలో సిగ్నల్ పోయింది. ఆగిపోయిన బొమ్మనే చూస్తూ ఉండిపోయింది.

ఏడాది అవ్వగానే నేను వచ్చేశాను. తను అక్కడే నర్సింగ్‌లో చేరింది. ఆ ఇంట్లోనే ఉంటూ క్లాసులకి వెళ్ళేది. వచ్చెయ్యవే అని చాలాసార్లు అన్నాను.

"నాని బోటెక్కకూడదు. వాడి చదువయ్యేదాకా ఇక్కడే ఉంటాను" అనేది.

వచ్చే ఏడు తన కోర్సు అయిపోయేది.

ఇవాళ మధ్యాహ్నానికి వాళ్ళూరు చేరాను. అమ్మగారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఏడవడం లేదు. నన్ను చూసి ఒకటే అడిగారు.

"ఒక్కత్తే ఉందా అమ్మా అక్కడ?"

నాకు తెలీదు. అక్కడి నుంచే అనెట్‌కి ఫోన్ చేశాను. ఆసుపత్రిలో ఒక గదిలో ఉంచారట. నిన్న సాయంత్రం ఇంట్లోవాళ్ళందరూ వెళ్ళి తన పక్కన కూర్చున్నారట. వెళ్దాం లెమ్మంటే హైన్స్ లేవలేదట. ఇవాళ మళ్ళీ వెళ్తున్నామన్నారు.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు అమ్మగారికి చెప్పాను.

అప్పుడు ఏడ్చారు.

ఎప్పుడు పంపిస్తారో తెలీదు. కాగితాలవ్వాలి అంటున్నారు. నాని చదువు మానేస్తానంటున్నాడు. ఇవాళ వాడితో వాదించలేదు.

వాడిని బోటెక్కనివ్వను దుర్గా. ఎలాగో తెలీదు. కానీ ఎక్కనివ్వను.

వెళ్ళిరా. ఇక్కడ దొరకని నెమ్మది అక్కడైనా నీకు దొరకాలి.