కొలతలు ఇచ్చాక ఊడిన పన్ను

మా నాన్న దర్జీ. మా దుకాణంలో కుట్టు మిషన్ కంటే ఎక్కువ పనిచేసింది ఆయన నోరే. దారం తెంపేది పళ్ళతో, గుండుసూదులు పట్టుకునేది పళ్ళ మధ్య. ఆ సూదుల సందులోంచే కస్టమర్లను ఆటపట్టించేవారు. "ఈ చొక్కాకి గుడ్డ చాలదు సార్. ఇంటిల్లిపాది తిండీ మీరొక్కరే తింటున్నారా?" అన్నా ఎవరికీ కోపం వచ్చేది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా నాన్న నోరు మంచిదో కాదో నేను చెప్పలేను గానీ, చాలామంది ఆ నోటి కోసమే మా దగ్గర బట్టలు కుట్టించుకునేవారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన కరిగే రకం కాదు. గోడకి మేకు కొట్టి బోర్డు ఒకటి వేలాడదీశారు: "కొలతలు ఇచ్చిన తర్వాత ఒళ్ళు మారితే మాది పూచీ కాదు." బిగుతైందని ఎవరు బట్టలు తిరిగి తెచ్చినా మారుమాట లేకుండా స్కేలుతో ఆ బోర్డు చూపించేవారు. మా వీధి చివర పళ్ళ డాక్టరమ్మ కూడా ఒకసారి తెల్లకోటు కుట్టించుకుని, కాన్పు తర్వాత భుజాల దగ్గర పట్టడం లేదని పట్టుకొచ్చింది. ఆవిడ చేత బోర్డు పైకి చదివించి మరీ పంపించారు. పక్కనే కాజాలు కుడుతున్న నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అలాంటి నోటికి చిగుళ్ళ జబ్బు పట్టుకుంది. ఏడాదిన్నర తిరిగేసరికి పై వరసలో ముందు పళ్ళు నాలుగూ ఊడిపోయాయి. నాన్న ముఖానికి మాస్కు కట్టుకుని, కస్టమర్ల ట్రయల్స్ నాకు అప్పజెప్పి, మూల మిషన్ దగ్గర సర్దుకున్నారు. ఒక్క జోకు లేదు. ఆయన వాగుతుంటే చెవులు మూసుకున్న నేనే, ఆ మౌనానికి మధ్యాహ్నం అన్నం సయించక ఏడ్చాను. చివరికి చెయ్యి పట్టుకుని ఆ డాక్టరమ్మ దగ్గరికే లాక్కెళ్ళాను.

"కొత్త పళ్ళు స్క్రూలతో బిగించాలి మాస్టారూ. దానికి కింద ఎముక ఉండాలి. మీకు అది కరిగిపోయింది" అందావిడ. నాన్న ముఖంలో ఏమీ అర్థమైనట్టు లేదు. "సూది దిగడానికి గుడ్డ ఉండాలి కదా? ఇక్కడ గుడ్డే లేదు" అని దర్జీ భాషలో చెప్పింది.

అప్పుడు అర్థమైంది ఆయనకి.

"స్కాన్ తీసి, మీ దవడ కొలతకే టైటానియంతో పల్చటి జాలీ అచ్చు వేయిస్తాం. కింద ఎముక పొడి నింపి, పైన జాలీ బిగించి, చిగుళ్ళు కుట్టేస్తాం. తొమ్మిది నెలలకి లోపల ఎముక గట్టిపడుతుంది. జాలీ తీసేసి పళ్ళు పెడతాం."

"మిగతా ఏదైనా చెయ్యండమ్మా, కొలతలు మాత్రం జాగ్రత్తగా తీసుకోండి" అన్నారు నాన్న. వృత్తి ధర్మం ఎక్కడికి పోతుంది!

మూడు వారాలకి జాలీ వచ్చిందని కబురొచ్చింది. డాక్టరమ్మ బల్ల మీద నాన్న దవడే ఉంది, ప్లాస్టిక్‌తో అచ్చు వేసిన నమూనా. ఆవిడ జాలీ తీసి దాని మీద పెట్టింది. గోరంత రేకు, నిండా చిల్లులు, అంచులన్నీ నున్నగా తిప్పి ఉన్నాయి. మంచి కాలరు కూర్చున్నట్టు కూర్చుంది. నేను చప్పట్లు కొట్టబోయాను.

నాన్న మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉన్నారు. ఆయన చూపు జాలీ చివర, కోరపన్ను మీద ఉంది.

"డాక్టరమ్మా" అన్నారు, "కొలతలు పాతవి."

మాస్కు తీశారు. నమూనాలో ఉన్న కోరపన్ను ఆయన నోట్లో లేదు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. అందులో పన్ను ఉంది. దానికి ముడివేసిన దారం కూడా ఉంది.

జరిగింది ఇదీ. స్కాన్ అయిన వారానికి ఆ పన్ను కదలడం మొదలుపెట్టింది. చెబితే ఆపరేషన్ వాయిదా వేస్తారని భయం. నేను బొత్తాల కోసం బజారుకెళ్ళిన పూట, పంటికి దారం కట్టి, రెండో కొస మిషన్ చక్రానికి చుట్టి, పెడలు తొక్కారు! "తెల్లదారమే వాడాను, మ్యాచింగ్" అని గొణిగారు. నాకు అరవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ చేశాను.

"ఇదే బిగించొచ్చా?" అన్నారు నాన్న ఆశగా.

"ఈ అంచు పన్ను ఊడిన గుంతలో పడుతుంది. చిగుళ్ళు సరిగ్గా మూసుకోవు. జాలీ బయటపడి చీము పడితే పోసిన ఎముకంతా పోతుంది. ఇక పళ్ళ మాట మర్చిపోవాలి."

"మూల దగ్గర గుడ్డ చాలకపోతే కుట్టు పిగిలినట్టు..."

"అంతే."

నాన్న తల దించుకున్నారు. "తప్పు నాదేనమ్మా. కొలతలు ఇచ్చాక ఒళ్ళు మారింది."

ఆవిడ పన్ను పొట్లం మడిచి పక్కన పెట్టింది. ఇప్పుడు ఆ బోర్డు మాట తిప్పికొడుతుంది, కొట్టాలి కూడా అనుకున్నాను.

"మా దగ్గర అలాంటి బోర్డు లేదు లెండి" అంది. "పుండు మానాక మళ్ళీ స్కాన్ తీసి కొత్తది వేయిస్తాను. ఈలోగా ఆ మిషన్ మీద గుడ్డలే కుట్టండి."

రెండు నెలలు ఆగారు. కొత్త జాలీ పట్టింది, కుట్లు నిలిచాయి. తొమ్మిది నెలల తర్వాత జాలీ బయటికి తీసినప్పుడు కింద ఎముక గట్టిగా ఉంది. నాన్న ఆ రేకును అడిగి తెచ్చుకుని, వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒక్క అతుకూ లేదే!" అని కుళ్ళుకుని, బొత్తాల డబ్బాలో దాచుకున్నారు.

మరో నాలుగు నెలలకి కొత్త పళ్ళొచ్చాయి. డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. నవ్వి చూసుకుంటారనుకున్నాను. ఆయన అద్దం పక్కన పెట్టేసి, "ఆ తెల్లకోటు ఇంకా ఉందా అమ్మా? పట్టుకురండి, భుజాలు విప్పి వదులు చేస్తాను" అన్నారు. నాకు కళ్ళు తడయ్యాయి.

"మరి బోర్డో?" అందావిడ.

"నిన్ననే తీసేశా. మేకు మాత్రం ఊడి రావట్లేదు."

"ఉండనివ్వండి. ఈ పళ్ళతో దారం తెంపారంటే మాత్రం ఊరుకోను."

ఆ మేకుకి ఇప్పుడు కత్తెర వేలాడుతోంది.