నూరీ ఎడమ కంటి కింద సుడి

రంజాన్‌బీకి కోపం వస్తే రైల్వే గేటు దాకా వినిపిస్తుందని పాకాలలో అంటారు. కాస్త పెంచి చెబుతారు గానీ పూర్తిగా అబద్ధమూ కాదు. యాభై నాలుగేళ్ళ మనిషి. మొగుడు కాశిం సాహెబ్ పోయినప్పటి నుంచి, ఆరేళ్ళుగా, తెల్ల ఆడగుర్రాన్ని ఒకదాన్ని పెట్టుకుని పెళ్ళి ఊరేగింపులకు తిప్పుతోంది. ఆడమనిషి కళ్ళెం పట్టుకుని బ్యాండు మేళం వెనకాల నడవడమేమిటని మొదట్లో మూతి తిప్పినవాళ్ళే, తర్వాత తమ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు అందరికంటే ముందొచ్చి తారీఖు చెప్పి వెళ్ళారు. గుర్రం పేరు నూరీ.

నూరీ ఎడమ కంటి కింద, సరిగ్గా కన్నీరు జారే చోట, వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఒక సుడి ఉంది. గుర్రాలవాళ్ళు దాన్ని ఏడుపు సుడి అంటారు. అది ఉన్న గుర్రం ఎక్కడుంటే అక్కడ ఏడుపు తప్పదని, పెళ్ళికొడుకు దాని మీద ఎక్కనే కూడదని వాళ్ళ నమ్మకం. ఎక్కడో దూరపు సంతలో ఆ సుడి చూసి అందరూ పక్కకు తప్పుకుంటే, ముప్పై ఏళ్ళు జట్కా తోలి బతికిన కాశిం సాహెబ్ మాత్రం నవ్వి ఆ గుర్రప్పిల్లను ఇంటికి తోలుకొచ్చాడు. "ఏడ్సేవాళ్ళందరికీ సుడులుండాయా?" అనేవాడు ఇంట్లోవాళ్ళతో. రెండేళ్ళకు చక్కెర జబ్బు ముదిరి, కాలికి పుండు పడి పోయాడు.

ఇక చూడండి. ఆసుపత్రికి పదమని పెళ్ళాం ఏడాది పాటు పోరినా కదలని మనిషిది తప్పు కాదట, గుర్రం ముఖం మీది వెంట్రుకలది తప్పట. నలభయ్యో రోజు ఫాతిహా అయిన మర్నాడు మరిది ఆఫ్తాబ్ కొడవలి ఎర్రగా కాల్చుకుని కొట్టంలోకి వచ్చాడు. సుడి కాల్చేస్తే దోషం పోతుందని ఎవరో చెప్పారట. గుర్రం పెట్టిన కేకకు రంజాన్‌బీ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి అతని మణికట్టు పట్టుకుంది. కొడవలి మొన సుడి పక్కన తగిలి చింతగింజంత వాత పడింది. ఆ రోజు ఆమె అన్న మాటలకు ఆఫ్తాబ్ మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

అంత తిట్టిన మనిషి, వారం తిరక్కుండా జరీ గుడ్డ తెచ్చి, పూసలు కుట్టి, గుర్రం చెంపలు రెండూ మూసుకుపోయేలా ఒక ముఖపట్టీ తయారు చేసింది. ఏం చేస్తుంది మరి? ఇంట్లోవాళ్ళకు తప్ప ఊరికి తెలియని సుడి సంగతి బయటపడితే ఒక్క పెళ్ళివాడూ గడపలోకి రాడు. అలా దాచవలసి వచ్చినందుకు కుట్టిన ప్రతి పూసకూ ఒక తిట్టు తిట్టింది. ఆరేళ్ళలో బయటివాళ్ళ ముందు ఆ పట్టీ ఒక్కసారి కూడా విప్పలేదు.

పోయిన ఏడాది చిత్తూరు చుట్టుపక్కల పెళ్ళి గుర్రాలు మూడు మాయమయ్యాయి. పశువుల డాక్టరు లోహిత పాకాలకు వచ్చి గుర్రాలున్నవాళ్ళందరినీ పిలిపించింది. మెడ చర్మం కింద పెట్టే చిప్పులు ఇంకా రాలేదని, అవి వచ్చేలోగా ప్రతి గుర్రానికీ ఒక గుర్తింపు కాగితం రాస్తానని చెప్పింది. కాగితం మీద గుర్రం బొమ్మ అచ్చువేసి ఉంది. సుడి ఉన్నచోట ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాలి. మనుషులకు వేలిముద్రలు ఎలాగో గుర్రాలకు సుడులు అలాగని ఆ పిల్ల ఓపికగా వివరించింది. కావాలంటే మంచులా చల్లబరిచిన ఇనుముతో తొడ మీద నంబరు కూడా వేస్తానంది.

"నంబరు కొడితే లారీ మాదిరి ఉంటాది గదమ్మా. పెండ్లికొడుకు యాడ ఎక్కతాడు?" అంది రంజాన్‌బీ.

"సరే, నంబరు వద్దు. పట్టీ విప్పండమ్మా, చెంపలు చూడాలి."

చుట్టూ బ్యాండువాళ్ళు, వీధివాళ్ళు నిలబడి ఉన్నారు. "విప్పితే బెదిరి కరస్తాది. ఆడ సుడీ లేదు, మచ్చా లేదు. రాసుకో తల్లీ" అంది రంజాన్‌బీ. నూరీ పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ కరవలేదు. డాక్టరమ్మ చెంపల మీద గుర్తులు లేవని రాసింది. కింద రంజాన్‌బీ సంతకం పెట్టింది.

ఆ తర్వాత మూడో నెలలో నూరీ మాయమైంది. పట్టపగలు రైలు పట్టాల పక్క గడ్డిలో కట్టేసి, రేషను బియ్యానికి వెళ్ళి వచ్చేసరికి కోసిన తాడు మిగిలింది. రంజాన్‌బీ ఆ తాడు ముక్క చేత్తో పట్టుకునే పోలీసు స్టేషనుకు నడిచింది. ఇరవై రోజులు అన్నం సరిగా తినలేదు. ఏడవలేదు, తిట్టింది. దొంగను తిట్టింది, గడ్డిని తిట్టింది, నిండా పెరిగిన గడ్డి చూసి అక్కడ కట్టేసిన తన చేతుల్ని తిట్టుకుంది.

ఇరవై ఒకటో రోజు చిత్తూరులో కాపురముంటున్న కూతురు హుమేరా ఫోన్లో ఒక పెళ్ళి వీడియో పంపింది. అందులో గుర్రానికి కాళ్ళకూ తోకకూ ఎర్రగా గోరింటాకు పూశారు, ముఖానికి వెడల్పాటి పట్టీ కట్టారు. కానీ డప్పు ఆగగానే ఆ గుర్రం ఎడమ ముందరి కాలు రెండుసార్లు ఎత్తి దించింది. కాశిం సాహెబ్ నేర్పిన సలాం అది.

ఆ పెళ్ళివాళ్ళను అడిగితే గుర్రం దయానంద్ దగ్గర ఉందని తేలింది. పెళ్ళిళ్ళకు లైట్లు, పందిళ్ళు, గుర్రాలు అద్దెకిచ్చే మనిషి. ఎవరో బ్రోకరు దగ్గర కొన్నానని రసీదు చూపించాడు. ఎస్సై హరినాథ్ గుర్రంతో సహా అందరినీ పొద్దున పదకొండింటికి స్టేషనుకు రమ్మన్నాడు. డాక్టరు లోహిత కాగితం తీసుకుని వచ్చింది. దామలచెరువు మామిడికాయల వ్యాపారి మునస్వామి కూడా వచ్చాడు. వచ్చే ఆదివారం అతని చిన్నకొడుకు పెళ్ళికి నూరీనే మాట్లాడుకున్నారు. గుర్రం దొరికితే చాలునని పాపం రంజాన్‌బీ తరఫున నాలుగు మాటలు చెప్పాడు. ఆ పెళ్ళికి మాట్లాడిన బ్యాండు మేస్త్రీ కూడా అతని వెంట వచ్చాడు.

స్టేషను ఆవరణలో వేపచెట్టు కింద నూరీ రంజాన్‌బీని చూసి తల ఆడించింది. పక్కనున్న కానిస్టేబులు దాని మెడ నిమురుతున్నాడు.

"కాలెత్తితే గుర్రం నాదంటే ఎట్ల సార్? పెండ్లి గుర్రాలన్నీ కాలెత్తతాయి. రేపు ఇంగొకరొచ్చి తోక ఊపింది నాదే అంటారు" అన్నాడు దయానంద్.

ఎస్సై కాగితం రెండుసార్లు చదివాడు. "తెల్ల గుర్రం, నుదుట సుడి. ఇంతేగా ఉండాది ఇందులో. నుదుట సుడి అన్ని గుర్రాలకీ ఉంటాదంట, డాక్టరమ్మే చెప్పింది. ఇంకేదైనా గుర్తు సెప్పమ్మా. లేదంటే నేను దీన్ని ఈయన దగ్గిర్నుంచి ఎట్ల తీసుకునేది?"

రంజాన్‌బీ మునస్వామి వైపు చూసింది. బ్యాండు మేస్త్రీ వైపు చూసింది. ఈ ఇద్దరూ విన్న మాట సాయంత్రానికి పూతలపట్టు దాటుతుంది. నోరు మూసుకుంటే గుర్రం పోతుంది, నోరు తెరిస్తే గుర్రం మీది బతుకు పోతుంది. ఇన్నాళ్ళూ ఊరందరి మీదా ఉన్న కోపం గిర్రున తిరిగి ఆమె మీదికే వచ్చింది. ఆ సంతకం పెట్టిన చెయ్యి తనదే.

"కాగితంలో ఉండేది అబద్ధం సార్" అంది. "డాక్టరమ్మ తప్పు లేదు. పట్టీ విప్పమన్నింది, నేనే విప్పలా. ఆ గుర్రానికి ఎడం కంటి కింద ఏడుపు సుడి ఉండాది. సుడి పక్కన చింతగింజంత వాత ఉండాది. నా మరిది కొడవలి కాల్చి పెట్టినాడు. ఇప్పుడు విప్పి సూడండి."

దయానంద్ గుర్రానికి అడ్డంగా వచ్చాడు. "విప్పితే బెదిరి కరస్తాది సార్."

"ఆ మాట నేనూ సెప్పినానప్పా. విప్పు."

కానిస్టేబులు పట్టీ విప్పాడు. సుడి ఉంది. వాతా ఉంది. అంతవరకూ నిమురుతున్న చేతిని కానిస్టేబులు చటుక్కున వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకున్నాడు. అది చూసి రంజాన్‌బీ ఒళ్ళు మండిపోయింది.

"ఇది సూసే పట్టీ కట్టినావా?" అని ఎస్సై అడిగితే దయానంద్ తల దించుకున్నాడు. బ్రోకరు ఫోను నంబరు ఎస్సై రాసుకున్నాడు. కోర్టు పిలిచినప్పుడు గుర్రాన్ని చూపిస్తానని రంజాన్‌బీతో పూచీ రాయించుకుని కళ్ళెం ఆమె చేతికిచ్చాడు.

గేటు దగ్గర మునస్వామి నేల చూస్తూ నిలబడ్డాడు. "ఆదివారానికి కారు మాట్లాడుకుంటాం రంజాన్‌బీ. ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోరు. తప్పుగా అనుకోవద్దు."

"తప్పుగానే అనుకుంటా మునస్వామన్నా. నీ పెద్దకొడుకు ఎక్కింది ఈ గుర్రమే గదా. వానికి ఇద్దరు బిడ్డలు, మిద్దిల్లు కట్టినాడు. ఏడుపు యాడుండాదో సూపించు."

 మునస్వామి స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. వారంలో మిగిలిన పెళ్ళివాళ్ళు కూడా ఒక్కొక్కరే ఫోను చేసి ఏదో ఒక సాకు చెప్పారు. ఒకాయన మాత్రం, పట్టీ కట్టుకుని రమ్మని, తామెవరికీ చెప్పబోమని బతిమాలాడు. ముఖం చూపించుకునే వస్తుందని, ఇష్టముంటే ఎక్కమని చెప్పి ఫోను పెట్టేసింది. కాణిపాకం వచ్చే యాత్రికుల పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పుకుని బతుకుతానని కూతురితో అంది. పిల్లలు సుడులు చూడరు.

ఆ శుక్రవారం డాక్టరు లోహిత చిప్పు, కొత్త కాగితం తీసుకుని ఇంటికి వచ్చింది. చిప్పు పెడుతుండగానే, ఆరేళ్ళ తర్వాత, ఆఫ్తాబ్ గడప దాటి కొట్టంలోకి వచ్చాడు.

"ఆ పొద్దే నన్ను పూర్తిగా కాల్చనిచ్చుంటే ఈ గతి పట్టేదా భాభీ?" అన్నాడు.

డాక్టరమ్మ భయంగా చూసింది. రంజాన్‌బీ అరవలేదు. కళ్ళెం పట్టుకుని, "మచ్చ ఎట్లొచ్చిందో రాసే చోటు ఉండాదా అమ్మా?" అని అడిగింది.

"ఉంది."

"రాయి. కాల్చిన కొడవలితో వాత. పెట్టినోడు షేక్ ఆఫ్తాబ్."

"పేరు అవసరం లేదమ్మా."

"నాకు అవసరం. దొంగ తాడు కోసినాడంతే. దీన్ని ఏడిపించినోని పేరు యాడా లేదు."

లోహిత రాసింది. రాసింది పైకి చదివి వినిపించింది. ఆఫ్తాబ్ గోడ వైపు చూశాడు. కాగితం అడుగున సాక్షి సంతకానికి ఒక గీత ఉంది. రంజాన్‌బీ డాక్టరమ్మ చేతిలోంచి పెన్ను తీసుకుని మరిది ముందుకు చాచింది.

"నీకంటే బాగా ఎవురికి తెలుసు? పెట్టు."

 ఆమె చెయ్యి దించలేదు. నూరీ ముఖం తిప్పి, ఏ పట్టీ లేని ఎడమ కంటితో అతన్నే చూస్తోంది. ఆఫ్తాబ్ పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.