సాయంత్రం గొంతు

వెండెల్ క్రౌసా పాట ఎత్తుకుంటే పక్క పొలంలో ఎద్దు కూడా మేత మానేసి వినేదని అంటారు. ఎద్దు సంగతి ఎద్దుకే తెలియాలి గానీ, అమెరికాలో నెబ్రాస్కా ఇసుకమిట్టల్లో పశువుల వేలమంటే, ధరల్ని గలగలా రాగం తీసి పలికే వెండెల్ పాటే. ఆ వేలం బల్ల ముందు అతని తండ్రి కూడా నిలబడ్డాడు, మైకు లేని రోజుల్లో. కొన్నవాడికీ అమ్మినవాడికీ కూడా లాభమొచ్చిందనిపించేలా పాడేవాడు వెండెల్. అది అందరికీ అబ్బే విద్య కాదు.

కిందటేడు అతని ఎడమ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఒమాహాలో డాక్టరమ్మ పార్కిన్సన్స్ అని తేల్చింది. మాటిమాటికీ అంత దూరం రానక్కర్లేదని చేతికి ఒక గడియారం కట్టి, అతని ఫోన్‌లోనే ఏదో ఎక్కించి పంపింది. వణుకు సంగతి గడియారం చూసుకుంటుంది. గొంతు మాత్రం అతనే వినిపించాలి. రోజూ ఒకసారి గుక్కతిప్పుకోకుండా ‘ఆ’ అని, తెరమీద వచ్చిన నాలుగు వాక్యాలు చదివి ఆస్పత్రికి పంపాలి. ఈ జబ్బు గొంతునూ తినేస్తుందని ఆవిడ ముందే చెప్పింది.

వచ్చిన చిక్కల్లా అక్కడే. గొంతు తగ్గితే ధర తగ్గుతుందన్నది వెండెల్ ఉగ్గుపాలతో నేర్చుకున్న నీతి. నీరసపు గొంతు పరాయివాళ్ల చెవిన పడనిస్తాడా? పొద్దున్నే మాత్ర వేసుకుని, అది పనిచేసేదాకా ఆగి, వేడినీళ్లలో తేనె కలుపుకు తాగి, షెడ్డులోకి పోయి అంకెలు వల్లించి నాలుక తిప్పుకుని, అప్పుడు తీసేవాడు ఫోన్. అమ్మకానికి పెట్టే పెయ్యను కడిగి దువ్వినట్టు గొంతును ముస్తాబు చేసేవాడు.

“ఫోన్ ముందు సింహానివి. రాత్రి తిండి దగ్గర ఉప్పందుకోమన్నా వినపడి చావదు” అనేది భార్య డార్లీన్.

“నీకు చెవుడొచ్చిందే.”

“చెవుడైతే వీధిలో కుక్క మొరుగు ఎలా వినపడుతోందయ్యా?”

అంతలో ఆస్పత్రి నర్సు ఫోన్ చేసింది. “వెండెల్ గారూ, మీ గొంతు బ్రహ్మాండంగా ఉంది. మందు మార్చే పనే లేదు.” ఇక చూడాలి అతని పొంగు! వేలం కొట్టం పక్కన కాఫీ హోటల్లో కనపడినవాడికల్లా ఆ ముక్క చెప్పాడు.

ఆ నెలలోనే రోస్కో ఇల్లు కాలిపోయింది. బరిలో దూడలను తిప్పుతూ, ఏ మూల ఎవరు వేలెత్తినా కేకేసి చెప్పే మనిషి రోస్కో. ముప్ఫై ఏళ్లుగా వెండెల్‌కి అతనే కళ్లు. అతనికి సాయంగా ఊరు తిరుగుడు పాట పెట్టింది. అంటే ఒకే దూడ. వేలంలో కొన్నవాడు డబ్బు కట్టి, దూడను వదిలేసి ‘మళ్లీ పెట్టు’ అంటాడు, పాట మళ్లీ మొదలవుతుంది. జనం అలసిపోయేదాకా సాగుతుంది. పాడేవాడు మాత్రం అలసిపోకూడదు.

ఆ పాట ఇంకా కొన్ని వారాలుందనగా, మామూలు సంతలో, మధ్యాహ్నం దాటాక, వెండెల్ గొంతు జారింది. ముందు వరసలో ముసలి రైతు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఎంతన్నావ్?” అని అడిగాడు. ఆ కొట్టంలో వెండెల్‌ని ఆ మాట ఎవరూ ఎన్నడూ అడగలేదు.

కొట్టం యజమాని పక్కకు పిలిచాడు. “రోస్కో పాటకి పొరుగూరి మనిషిని పిలవనా, పెద్దాయనా?”

“పిలిస్తే నా శవం మీద నుంచి రావాలి” అన్నాడు వెండెల్. ఆ మాట కూడా సగమే వినపడింది. తల కొట్టేసినట్టయింది అతనికి.

ఆ సాయంత్రం డార్లీన్ సూప్ గిన్నె పక్కన ఫోన్ పెట్టింది. “ఇప్పుడు చదువు.”

“ఈ గొంతుతోనా?”

“డాక్టరమ్మ నీ దగ్గర ఆవు కొనడానికొచ్చిందా ఏం? కుంటి ఆవుకు కుంటు తెలియకుండా సూది మందు పొడిచి సంతకి తెచ్చినవాణ్ని బరిలోంచి తరిమింది నువ్వే కదయ్యా! మరి నువ్వు చేస్తున్నదేంటి?”

లోపమున్న గొడ్డును లోపం చెప్పకుండా అమ్మలేదన్నది వెండెల్‌కున్న పెద్ద గొప్ప. ఆ గొప్పకే దెబ్బ తగిలింది. చదివాడు. రెండో వాక్యానికే గొంతు గాలయిపోయింది. అలాగే పంపాడు. మర్నాడూ సాయంత్రమే చదివాడు, ఆ మర్నాడూ అంతే.

నర్సు కంగారుగా ఫోన్ చేసింది. “ఇది ఎవరి గొంతండీ?”

“నాదేనమ్మా. ఇన్నాళ్లూ పంపింది సంతకి తెచ్చిన గొంతు.”

డాక్టరమ్మ మాత్రల వేళలు మార్చింది. గొంతు సాధన చేయించే ఆవిడను ఫోన్‌లోనే కుదిర్చింది.

తిరుగుడు పాట నాడు కొట్టం కిక్కిరిసింది. రోస్కో తలవంచుకునే దూడను తోలుకొచ్చాడు. వెండెల్ ఎత్తుకున్నాడు. “మళ్లీ పెట్టు!” అంది ఒక మూల. “మళ్లీ!” అంది ఇంకో మూల. తండ్రి నాటి పాటలా గలగలా సాగింది. దూడకే విసుగొచ్చి పడుకుంది గానీ వెండెల్ ఆగలేదు. చివరి పాటకొచ్చేసరికి మాత్రం గొంతు దారప్పోగులా మిగిలింది. ఎవరూ చెవి దగ్గర చెయ్యి పెట్టలేదు. కాఫీ కప్పులు కింద పెట్టారు, పిల్లల నోళ్లు మూశారు.

“ఒకటోసారి… రెండోసారి… మూడోసారి.”

వెనక వరసకి కూడా వినపడింది. రోస్కో టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

డార్లీన్ తేనె నీళ్లు పట్టుకుని బల్ల దగ్గరికి పరిగెత్తింది. వెండెల్ అప్పటికే ఫోన్ తీశాడు. గ్లాసు పక్కకు నెట్టాడు.

“ఆగవే. ముందు దీన్ని డాక్టరమ్మకి పంపనీ. రోస్కో కోసం అరిగిన గొంతు ఇది. ఇందులో చుక్క తేనె కలపను.”